స్టవ్ గ్లాస్ పగిలితే ముందు ఇంటామెను అనకండి: నల్లగొండ స్టవ్ వ్యాపారులకు, మెకానిక్‌లకు, గ్యాస్ ఏజెన్సీలకు బహిరంగ లేఖ

అన్నలకు, అక్కలకు నమస్కారం.

ప్రకాశం బజార్‌లోనూ గడియారం సెంటర్ చుట్టుపక్కలా ఉన్న మీ దుకాణాల మెట్లు ఎక్కని కుటుంబం ఈ పట్టణంలో అరుదు. ఆడపిల్ల పెళ్లికి సామాను కొన్నా, గృహప్రవేశానికి బహుమతి పట్టుకుపోవాలన్నా ఈ మధ్య అందరి చూపూ గ్లాస్‌టాప్ స్టవ్ మీదే. చూడ్డానికి బాగుంటుంది, తుడవడం తేలిక, వంటగదికే ఒక కళ వస్తుంది. వాటిని అమ్మొద్దని రాయడం లేదు. అవి పగిలిన రోజు మీ నోటి నుంచి వచ్చే మాట గురించి రాస్తున్నాను.

ఆ మాట మీకూ తెలుసు. "వేడి గ్లాస్ మీద తడిబట్ట పెట్టి ఉంటరమ్మా." కాదంటే, "పెద్ద గిన్నె పెట్టిండ్రా?" రెండూ ఒకచోటికే చేరతాయి: తప్పు మీది, గ్లాస్‌కు వారంటీ రాదు.

పోయిన ఎండాకాలం మా పక్కింట్లో మూడు బర్నర్ల స్టవ్ ఇలాగే పగిలింది. కోడలు పుట్టింటి నుంచి పెళ్లి సామానుతో వచ్చిన స్టవ్. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, గట్టు తుడిచారు, అందరూ కూలర్ ముందు నడుం వాల్చారు. పొయ్యి ఆర్పి చాలాసేపైంది. ఢామ్మని చప్పుడు. సిలిండరే అనుకుని పిల్లలను చంకనేసుకుని వాకిట్లోకి ఉరికారు. నేను వెళ్లి చూసేసరికి మంట లేదు, పొగ లేదు, గ్యాస్ వాసన లేదు. గట్టు మీద, నేల మీద, సింకులో, పప్పు గిన్నె మూత మీద శనగగింజంత గాజు ముక్కలు. కొన్ని ఇంకా టిక్ టిక్‌మని చిట్లుతూనే ఉన్నాయి. బర్నర్లు మాత్రం కింద గొట్టాలకు అలాగే అంటుకుని నిలబడ్డాయి.

బిల్లు పట్టుకుని దుకాణానికి పోతే తడిబట్ట మాటే వచ్చింది. చల్లారిన పొయ్యి మీద తడిబట్ట ఏం చేస్తుందని అడిగితే, "మన నల్లగొండ ఎండలు తెలుసు కద మేడం, ఎండకు పగిలింది" అన్నారు. ఇంటికి వచ్చాక అత్తగారు ఇంకో లెక్క తీసింది. కోడలు గడప దొక్కి ఏడాది తిరగలేదు, అప్పుడే ఇంట్లో గాజు పగిలింది, ఇది మంచికి కాదని. దుకాణంలో మీరు తేలిగ్గా అనేసిన మాట ఇంట్లో ఎవరి మీద పడుతుందో మీకు కనిపించదు. నేను చూశాను. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ముందు ఆ ఎండ సంగతి తేల్చేద్దాం. మన దగ్గర ఎండ 45 డిగ్రీలకు పోతుంది, నిజమే. కానీ గాజును పగలగొట్టేది వేడి కాదు, వేడిలో తేడా. ఒకే పలకలో ఒకచోట బాగా వేడిగా, పక్కనే చల్లగా ఉంటే అక్కడ లాగుడు పుడుతుంది. మామూలు కిటికీ అద్దం 40 డిగ్రీల తేడాకే చిట్లే ప్రమాదం ఉంది. మన గ్యాస్ స్టవ్‌ల మీద సాధారణంగా ఉండే టఫెన్డ్ గ్లాస్, అంటే కాల్చి గట్టిపరిచిన గాజు, సుమారు 200 డిగ్రీల తేడాను తట్టుకుంటుంది. ఇల్లంతా ఒకేలా ఉడికిపోతున్న మధ్యాహ్నం గాజులో తేడా ఎక్కడి నుంచి వస్తుంది? మన ఎండల మీద ఎన్ని నిందలైనా వేయొచ్చు కానీ ఇదొక్కటి వేయలేం.

మరి ఎవరూ ముట్టుకోకుండా ఎందుకు పగిలింది? దానికి ఆ గాజు ఎలా తయారవుతుందో తెలియాలి. పలకను కొలతకు కోసి, బర్నర్ల కోసం రంధ్రాలు చేసి, అంచులు సానబట్టి, ఆ తర్వాతే కొలిమిలో 620 డిగ్రీల పైకి వేడి చేస్తారు. బయటికి తీయగానే రెండు వైపుల నుంచీ గాలిని బలంగా కొడతారు. పై పొరలు వెంటనే గట్టిపడతాయి, లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. అది నెమ్మదిగా చల్లారి కుంచించుకుపోబోతే అప్పటికే బిగిసిన పై పొరలు అడ్డం పడతాయి. ఊళ్లో కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోయడం మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. చల్లారిన పట్టా కట్టెను బిగించి పడుతుంది. పట్టా ఎప్పటికీ సాగదీసినట్టే ఉంటుంది, కట్టె ఎప్పటికీ నొక్కుకుపోయే ఉంటుంది. టఫెన్డ్ గ్లాస్‌లో లోపలి పొర ఆ పట్టా, పై పొరలు ఆ కట్టె. ఆ నొక్కుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 700 కిలోలు, అంతకంటే ఎక్కువ కూడా. మామూలు గాజు కంటే అది నాలుగైదు రెట్లు గట్టిగా ఉండేది ఈ నొక్కుడు వల్లే. బరువైన కుక్కర్‌ను కొంచెం గట్టిగా దించినా ఏమీ కాకపోవడం కూడా దాని చలవే.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఎక్కడైనా ఒక పగులు పై పొరను దాటి లోపలి లాగుడు పొరను తాకిందంటే దాన్ని ఆపేవాళ్లు లేరు. లోపల దాచుకున్న శక్తి మొత్తం ఒక్కసారిగా బయటపడి, రెప్పపాటులో పలకంతా ముక్కలవుతుంది. చప్పుడు దానిదే. గ్యాస్‌కు ఆ చప్పుడుతో పని లేదు. నొక్కుకుని ఉండే పై పొర మందం ఒక్కో వైపు మొత్తం గాజులో ఐదో వంతు మాత్రమే. 8 మిల్లీమీటర్ల పలకైతే ఒకటిన్నర మిల్లీమీటరు చిల్లర. పలక మధ్యలో దాన్ని దాటడం కష్టం. అంచు దగ్గర, రంధ్రం చుట్టూ మాత్రం చిన్న పెచ్చు లేచినా చాలు.

ఆ పెచ్చు ఎక్కడ లేస్తుంది? లారీలో డబ్బాలు ఒకదాని మీద ఒకటి పడేసినప్పుడు. దుకాణం వెనక గోడకు నిలబెట్టినప్పుడు. డబ్బాను బండి వెనక తాడుతో కట్టి గుంతల రోడ్డు మీద మిర్యాలగూడ దాకా, దేవరకొండ దాకా తీసుకుపోయినప్పుడు. బిగించేటప్పుడు స్క్రూను అదనంగా ఒక చుట్టు తిప్పినప్పుడు. అల్యూమినియం వేడికి గాజు కంటే రెండున్నర రెట్లు వ్యాకోచిస్తుంది. బర్నర్ కింద ఉండాల్సిన వాషర్ ఎండిపోయి ఊడిపోతే లోహం నేరుగా గాజు అంచును తాకుతుంది. వంట చేసిన ప్రతిసారీ దాన్ని నెడుతుంది. పగులు రోజూ కొంచెం కొంచెం లోపలికి పోతుంది. ఆఖరికి పగిలేది మాత్రం ఏమీ చేయని ఒక మధ్యాహ్నం. అప్పటికి ఇంటామె చేసిన నేరం ఏమిటంటే, ఆ పూట ఇంట్లో ఉండటం.

ఇంకో కారణం ఫ్యాక్టరీలోనే పుడుతుంది. గాజు కరిగించేటప్పుడు ముడిసరుకులోకి నికెల్ ఉన్న లోహపు రజను చేరితే, అది గంధకంతో కలిసి నికెల్ సల్ఫైడ్ రేణువు అవుతుంది. కంటికి ఆనదు. ఈ పదార్థానికి రెండు రూపాలు. సుమారు 380 డిగ్రీల పైన ఒకటి, కింద ఇంకొకటి. గాజును గాలి కొట్టి గబుక్కున చల్లార్చడంతో రేణువు వేడి రూపంలోనే చిక్కుకుపోతుంది. తర్వాత నెలలకో, ఏళ్లకో మెల్లగా రెండో రూపంలోకి మారుతూ 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది. అది లోపలి లాగుడు పొరలో ఉంటే చాలు, గాజు దానంతటదే పగిలిపోతుంది. 1961లో ఆస్ట్రేలియాలో బాలంటైన్ అనే శాస్త్రవేత్త మెల్‌బోర్న్‌లోని ఐసీఐ హౌస్ భవనం అద్దాలు ఎందుకు పగులుతున్నాయో పరిశీలించి ఈ సంగతి బయటపెట్టాడు. పెద్ద భవనాల అద్దాలను ఇప్పుడు చాలాచోట్ల ముందే కొలిమిలో సుమారు 260 నుంచి 290 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. పగిలేది అక్కడే పగులుతుంది. మీరు తెప్పించే స్టవ్‌ల గాజుకు ఆ పరీక్ష జరిగిందో లేదో కంపెనీ మనిషిని ఒక్కసారి అడగండి. ఆర్డర్లు పెట్టేది మీరు, అడిగితే చెప్పాలి. మేం అడిగితే టోల్‌ఫ్రీ నంబర్‌లో పాట వినిపిస్తారు.

మా వైపు తప్పులు ఉండవని కాదు. మన ఇళ్లలో జొన్నరొట్టె చేసేటప్పుడు పెద్ద ఇనుప పెనం పెడతాం. అది బర్నర్ దాటి గాజు మీదికి గొడుగు పట్టినట్టు ఉంటుంది, మంట వేడి పైకి పోయే దారి లేక కిందికి కొడుతుంది. రొట్టె పెనం మీద వేశాక చేత్తో నీళ్లు తడుపుతాం కదా, ఆ చుక్కలు నేరుగా కాగిన గాజు మీద పడతాయి. సంక్రాంతికి సకినాలు, అరిసెలు అంటే ఒక పూటంతా మూకుడు దిగదు. పైగా మన బోరు నీళ్లు గట్టివి. గాజు మీద తెల్లటి పొర కడితే కత్తితో, బ్లేడుతో గీకుతాం. ఆ గీతలన్నీ పై పొరను బలహీనం చేసేవే. బర్నర్ మూత సరిగా కూర్చోక మంట లోపలి గొట్టంలోనే అంటుకుని బుస్సుమంటుంటే పట్టించుకోం, అప్పుడు గాజు కింది నుంచి కాలుతుంది. ఇవన్నీ నిజమే. కానీ అమ్మేటప్పుడు వీటిలో ఒక్కటైనా ఎవరు చెప్పారు? రొట్టెలు చేసే ఇల్లేనా అని ఒక్క దుకాణంలో అడిగారా? రొట్టెలు చేయని ఇల్లు ఈ జిల్లాలో, పక్కన పాలమూరులో ఎన్ని ఉంటాయి? ఏ వంట చేస్తారో తెలియకుండా అమ్మి, పగిలాక ఆ వంటనే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

మెకానిక్ అన్నలతో ఒక మాట, కొంచెం గట్టిగానే. మా పక్కింటివాళ్లకు మొదట దొరికిన పరిష్కారం ఏమిటో తెలుసా? "కంపెనీ గ్లాస్ రావడానికి టైం పడుతది, అద్దాల షాపుల కోయించి ఏస్త" అని ఒకాయన వచ్చాడు. టఫెన్డ్ గ్లాస్‌ను తయారయ్యాక ఎవరూ కోయలేరు. కోత లోపలి లాగుడు పొరను తాకగానే ముక్కలవుతుంది. కాబట్టి ఎవరైనా మీ కళ్ల ముందు గాజు కోసి, రంధ్రం చేసి ఇచ్చారంటే అది నూటికి నూరు పాళ్లు మామూలు అద్దం. ఎంత మందంగా ఉన్నా, కింద ఎంత నల్లరంగు వేసినా. దాన్ని మంట పక్కన పెడితే 40 డిగ్రీల తేడాకే చిట్లొచ్చు. టఫెన్డ్‌లా చిన్న ముక్కలు కూడా కాదు, మూరెడు పొడుగు కత్తుల్లా విడిపోతుంది. పొయ్యి ముందు నిలబడే మనిషి కడుపు ఎత్తులో అది ఉంటుందని గుర్తు చేయాలా? దయచేసి ఆ పని మానండి. కంపెనీ గాజు వచ్చేదాకా పాత స్టీల్ స్టవ్ వాడుకోమని చెప్పండి.

ఇంకొకటి. కొన్ని దుకాణాల్లో గ్యాస్ స్టవ్ చూపిస్తూ "సిరామిక్ గ్లాస్, పగలదు" అంటున్నారు. గ్లాస్ సిరామిక్ వేరే పదార్థం. ఎలక్ట్రిక్ కుక్‌టాప్‌లలో వాడతారు. 1971లో జర్మనీ కంపెనీ షాట్ సెరాన్ పేరుతో తెచ్చింది ఆ రకమే. వేడికి దాదాపు వ్యాకోచించదు, కాబట్టి ఎర్రగా కాగిన చోట నీళ్లు పడ్డా తట్టుకుంటుంది. దాన్ని పగలగొట్టేది ఎక్కువగా దెబ్బ, అప్పుడు కూడా పొడుగు గీతలుగా చీలుతుంది తప్ప గింజల్లా రాలదు. మన గ్యాస్ స్టవ్‌ల మీద సాధారణంగా ఉండేది టఫెన్డ్ గ్లాస్. పలక మూలన చిన్న అక్షరాల్లో ముద్ర ఉంటే చదివి చూపించండి, మాట ఇచ్చేముందు.

ఇక చట్టం సంగతి. బెదిరించడానికి కాదు, మీకు తెలిసి ఉండాలని. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 86వ సెక్షన్ అమ్మకందారు బాధ్యత గురించే. వస్తువును బిగించడంలో, తనిఖీ చేయడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, ప్రమాదాల గురించి కంపెనీ ఇచ్చిన హెచ్చరికలు కొన్నవాళ్లకు చేరవేయకపోయినా, దానివల్ల హాని జరిగితే బాధ్యత అమ్మినవాళ్ల మీదికి వస్తుంది. తయారుచేసిందెవరో తెలియని సరుకు అమ్మినా అంతే. బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. 5 లక్షల లోపు విలువ ఉన్న వస్తువు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది. 1915 హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఒక గాజు పలక కోసం అంత దూరం పోవాలని ఎవరికీ ఉండదు. పోయేలా చేసేది మాత్రం చాలాసార్లు ఆ తడిబట్ట మాటే.

గ్యాస్ ఏజెన్సీల వారికి ప్రత్యేకంగా. 500కే సిలిండర్ వచ్చే మహాలక్ష్మి పథకం తర్వాత కట్టెల పొయ్యి తగ్గించి గ్యాస్ మీదికి వచ్చిన ఇళ్లు ఊళ్లలో కనిపిస్తున్నాయి. మీ మనుషులు తప్పనిసరి తనిఖీకి వచ్చినప్పుడు ట్యూబు చూస్తారు, రెగ్యులేటర్ చూస్తారు, సంతకం తీసుకుంటారు. ఇంకో నిమిషం పెట్టి గాజు అంచు చుట్టూ, బర్నర్ రంధ్రాల చుట్టూ టార్చి వేసి చూడమనండి. పెచ్చు కనిపిస్తే ఆ స్టవ్ వాడొద్దని అక్కడే చెప్పమనండి. స్టవ్ కింద ఐఎస్ 4246 ముద్ర (వంట గ్యాస్ స్టవ్‌లకు ఉన్న భారతీయ ప్రమాణం), సీఎం/ఎల్ నంబర్ (కంపెనీ లైసెన్స్ నంబర్) ఉన్నాయో లేదో కూడా చూడమనండి. ఆ నంబర్ అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తేలిపోతుంది. ఐఎస్ఐ గుర్తు లేని గ్యాస్ స్టవ్ అమ్మడానికే వీల్లేదు కదా.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. డబ్బాను కొన్నవాళ్ల ముందు విప్పండి. పలక నాలుగు అంచులు, రంధ్రాల చుట్టూ వెలుతురులో చూపించి, పెచ్చు లేదని వాళ్లకూ కనిపించాకే బిల్లు రాయండి. బిల్లు మీద గ్లాస్‌కు వారంటీ ఉందా, ఉంటే ఎన్నాళ్లు, ఏది వర్తించదు అన్నది తెలుగులో రాయండి. కొన్ని కంపెనీలు గ్లాస్‌కు వారంటీ ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇవ్వకపోతే ఇవ్వదనే రాయండి, అప్పుడు స్టీల్ స్టవ్ కొనుక్కోవాలా వద్దా అన్నది మా ఇష్టం. ఇంటికి వచ్చి బిగించే కుర్రాడికి స్క్రూ ఎంత తిప్పాలో, నాలుగు కాళ్లూ గట్టు మీద సమంగా ఆనాయో లేదో చూడటం నేర్పండి. ఒక కాలు గాల్లో ఉంటే ఫ్రేము మెలి తిరిగి ఆ బరువంతా గాజు మీద పడుతుంది.

పగిలిందని ఫోన్ వచ్చినప్పుడు మీ మొదటి ప్రశ్న "ఏం చేసిండ్రు?" కాకూడదు. "రెగ్యులేటర్ బంద్ చేసిండ్రా?" అని అడగండి. గాజు పగిలినప్పుడు బర్నర్ కదిలి గ్యాస్ లీక్ కావచ్చు. మన వంట గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తుంటే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయమనండి. వాసన లేకపోతే చెప్పులు వేసుకునే లోపలికి పొమ్మనండి. మూత లేని గిన్నెల్లో ఏమున్నా పారబోయాల్సిందే, పప్పులో గాజు గింజ కనబడదు. ఊడ్చేముందు నాలుగు ఫోటోలు తీయమనండి. ఆ ఫోటోలు మీకూ పనికొస్తాయి. గాజు ఫ్రేములో ఇంకా నిలిచి ఉంటే పగుళ్లన్నీ ఒకచోటి నుంచి బయల్దేరినట్టు కనిపిస్తాయి. ఆ చోటు అంచు మీద ఉంటే దెబ్బనో, బిగింపునో అనుమానించాలి. పలక మధ్యలో ఉండి, సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు పక్కపక్కనే ఉంటే నికెల్ సల్ఫైడ్ అనుమానించాలి, ఆ ఫోటో నేరుగా కంపెనీకి పంపాలి. ఎవరి తప్పో ముక్కలు కొంత చెప్తాయి. వాటిని చూడకముందే తీర్పు ఇవ్వకండి.

పక్కింటివాళ్ల స్టవ్‌కు ఇప్పటిదాకా గాజు రాలేదు, దుకాణం నుంచి ఫోనూ రాలేదు. ఆ దుకాణం పేరు నేను రాయడం లేదు, ఆ యజమాని ఇది చదివితే ఆయనకు అర్థమవుతుంది.

శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయి. మీ గోడౌన్లలోకి స్టవ్ డబ్బాలు దిగేది అంతకుముందే. ఈలోపు ఒక పేజీ కాగితం, తెలుగులో, ఈ గాజును ఎలా వాడాలో, పగిలితే మొదట ఏం చేయాలో రాసి ప్రతి డబ్బాలో పెడదామని నా ప్రతిపాదన. రాసే పని నాది, అచ్చు ఖర్చు మీది. ఆ కాగితంలో రొట్టెల పెనం గురించి తప్పకుండా ఉంటుంది. ఒప్పుకునేవాళ్లు బడి వదిలాక సాయంత్రం పూట కబురు చేయండి, వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
మీ దగ్గరే స్టవ్ కొన్న ఒక సైన్స్ టీచర్,
నల్లగొండ